ముసురులో తేనెటీగల పెట్టెల సంగతి
అందరికీ నమస్కారం. ముసురు పట్టింది, బయట పువ్వు లేదు. తేనె నిల్వ అయిపోయిన పెట్టెలకు కిలో పంచదార, లీటరు నీళ్లు కలిపి కాచి, చల్లార్చి, పొద్దుగూకాక లోపలే పెట్టండి. పాకంలో నాలుగు పుల్లలు వేయకపోతే ఈగలు మునిగి చస్తాయి. చుక్క బయట ఒలికినా చీమలు, పక్క పెట్టె దొంగ ఈగలు దిగుతాయి. బెల్లం మాత్రం వద్దు, విరేచనాలు పట్టుకుంటాయి.

ఈగలు కప్పని పట్టులు (మైనంతో కట్టిన గదుల తెట్టెలు) తీసేయండి, మైనపు పురుగు చేరేది అక్కడే. అడుగు పలక వారానికోసారి గీకాలి.

గదుల్లో పిల్లపురుగు తల పైకెత్తి పడవలా, నీటి సంచిలా చచ్చి ఉంటే అది వైరస్ జబ్బు. మందు లేదు! ఆ పట్టులు ఇంకో పెట్టెలోకి మార్చొద్దు, కత్తి కడగండి. అలాంటి పెట్టెను వలిసె (నూనెగింజల పైరు) పూతకు అరకు ఎక్కించకండి, దయచేసి.