స్కాన్ నార్మల్ అని పంపేశాక

సంపాదకులకు నమస్కారం.

ఆ మధ్య మా తమ్ముడి కొడుకు రామవరప్పాడు రింగ్ దగ్గర బండి మీంచి పడ్డాడు. హెల్మెట్ ఉంది, పెట్రోల్ ట్యాంకు మీద. నగరంలోని ఒక ఆస్పత్రిలో స్కాన్ తీసి, నార్మల్‌గానే ఉందని మాత్రలు రాసి పంపేశారు. చీటీ కింద వారం తర్వాత రమ్మని ఇంగ్లిష్‌లో ఒక లైను, అంతే. ఆ రాత్రి వాడికి రెండుసార్లు వాంతయింది. తిన్న పునుగులు పడలేదనుకుని మా మరదలు నిమ్మకాయ సోడా తాగించింది. తెల్లారి ఎంత లేపినా మూలుగుతాడే గానీ లేవడు. ఇంకో ఆస్పత్రిలో మళ్లీ స్కాన్ తీస్తే మెదడులో వాపు, ఒక పక్క కొంచెం రక్తం.

మొదట చూసిన డాక్టరుదే తప్పని నేననను. అప్పటికి స్కాన్‌లో ఏమీ లేకపోవచ్చు. జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని, తలకు దెబ్బంటే ఆ ఒక్క క్షణంతో అయిపోయేది కాదని నాకు తెలిసుండాలి. మెదడులో నాడీకణాలతో పాటు ఇంచుమించు అన్నే గ్లియా కణాలుంటాయి. గ్రీకులో గ్లియా అంటే జిగురు. నాడీకణాలను పట్టి ఉంచే జిగురనుకుని 19వ శతాబ్దంలో విర్కో అనే జర్మన్ వైద్యుడు ఆ పేరు పెట్టాడు. మేమూ అదే ఒక్క ముక్క చెప్పి పేజీ తిప్పేవాళ్లం. నిజానికి నాడీకణం దెబ్బతింటే ముందు స్పందించేవి ఇవే. వీటిలో కాపలాదారుల్లాంటి మైక్రోగ్లియా అనే రకం నిమిషాల్లోనే అటు చేతులు చాస్తాయి, చచ్చిన కణాల చెత్తను మింగుతాయి, రసాయనాలు వదులుతాయి. నక్షత్రాల్లా ఉండే ఇంకో రకం, ఆస్ట్రోసైట్లు, నీరు పట్టి ఉబ్బుతాయి. తర్వాతి రోజుల్లో గాయం చుట్టూ మచ్చలా గోడ కడతాయి. ఆ గోడ వల్ల నష్టం పక్కకు పాకదు, కానీ తెగిన నాడీ తంతువులు మళ్లీ పెరగడానికి అదే అడ్డం కావచ్చు. మోకాలైతే వాచినా బయటికి కనిపిస్తుంది. పుర్రె లోపల వాపుకి చోటేదీ? దానికి తోడు మెల్లగా చేరే రక్తం. మొదటి గంటలో మాట్లాడిన మనిషి మర్నాటికి లేవకపోవడం ఇందుకే.

జిల్లా వైద్యాధికారులను అడిగేది ఒక్క కాగితం. తలదెబ్బతో వచ్చిన ప్రతివాళ్ల చేతిలో, ప్రభుత్వ ఆస్పత్రయినా ప్రైవేటయినా, తెలుగులో పెట్టండి: వాంతులు, పెరిగే తలనొప్పి, లేపినా లేవని మత్తు, ఫిట్స్, చెయ్యో కాలో పట్టు తప్పడం, ముక్కులోంచో చెవిలోంచో నీరు కారడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే 108. గవర్నర్‌పేటలో ఏ జిరాక్స్ షాపులోనైనా అయిపోయే పని.

ఆ కాగితం వెనక పక్క ఇంకో మాట రాయాలి: ఇంటికొచ్చాక కూడా ఇబ్బందులు కొంతకాలం ఉండొచ్చు, అవి నాటకాలు కావని. మావాడు ఇంటికొచ్చాడు గానీ టీవీ సౌండు భరించలేడు, చదివిన పేజీనే మళ్లీ చదువుతాడు. కొందరిలో మైక్రోగ్లియా నెలలు, ఏళ్లు గడిచినా చల్లారవు. వాడి సంగతి అదేనో కాదో డాక్టర్లు చెప్పాలి. పక్కింటివాళ్లు మాత్రం పరీక్షలు ఎగ్గొట్టడానికి నాటకాలంటున్నారు.

— ఒక రిటైర్డ్ లెక్చరర్, సత్యనారాయణపురం, విజయవాడ