కాలువలు కట్టేశాక

ఒరేయ్ బక్కోడా,

కువైట్ నుంచి నువ్వు పంపిన వాయిస్ మెసేజి మా ఫైర్ స్టేషన్లో అందరికీ వినిపించాను. "నీకేంట్రా, గంట మోగితే వెళ్తావు, మోగకపోతే పడుకుంటావు, ఒకటో తారీఖుకి జీతం" అన్నావు చూడు, ఆ ముక్కకి మా డ్రైవరు గారు టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వారు. సరే, ఇవాళ నాది రాత్రి డ్యూటీ. ఫోను పక్కన కూర్చుని దోమలు కొట్టుకుంటూ రాస్తున్నాను. నీకు చెప్పాల్సిన పని కూడా ఒకటుంది, అది చివర్లో చెప్తాను.

ముందు నీ కుళ్ళు సంగతి. ఈ ఉద్యోగం కోసమే మనిద్దరం తెల్లారగట్ల నాలుగింటికి హైస్కూలు గ్రౌండులో పరిగెత్తేవాళ్ళం, గుర్తుందా? 1600 మీటర్లలో నువ్వెప్పుడూ నాకంటే అరనిమిషం ముందే. చివరికి టేపు దగ్గర దొరికిపోయావు. ఛాతీ 86.3 ఉండాలి, గాలి పీలిస్తే ఇంకో 5 సెంటీమీటర్లు పెరగాలి అన్నారు. మెడ నరాలు తేలేదాకా పీల్చినా నీది నాలుగున్నర దగ్గరే ఆగిపోయింది. ఆ అర సెంటీమీటరే నిన్ను విమానం ఎక్కించింది. నీ డాబా చూసినప్పుడల్లా ఆ టేపుకి ఎవరైనా దణ్ణం పెట్టాలంటే అది నువ్వే అనిపిస్తుంది నాకు.

ఇక మా పని. బండి పొట్టలో పట్టే నీళ్ళు 4,500 లీటర్లు. వినడానికి ఊరంతా తడిసిపోతుందేమో అన్నట్టుంటుంది. రెండు బ్రాంచీలు తెరిచి కొడితే పది నిమిషాలు రాదు. బ్రాంచి అంటే హోసు చివర మేం చేత్తో పట్టుకునే ముక్కు. ఆ పది నిమిషాల్లో ఇంకో చోట నీళ్ళు దొరకాలి, సక్షన్ పైపు అందేంత దగ్గర్లో, బండి దిగబడకుండా నిలబడగలిగే గట్టు పక్కన. అందుకే ఊళ్ళోకి దూసుకెళ్తుంటే జనం అంతా పొగ చూపిస్తారు, నేను మాత్రం అటూ ఇటూ తల తిప్పుతూ చెరువు వెతుకుతుంటాను. "ఈయనేంటి దిక్కులు చూస్తాడు, అక్కడ కొంప కాలిపోతుంటే" అని చాలాసార్లు అనిపించుకున్నాను.

కోనసీమలో నీళ్ళకి కరువేంట్రా అంటావని తెలుసు. ఏప్రిల్ సగం దాటితే కాలువలు కట్టేస్తారు కదా, పూడికలు తీయాలి, గట్లు బాగుచేయాలి అని. మళ్ళీ ధవళేశ్వరం దగ్గర నీళ్ళు వదిలేదాకా కాలువలో పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. సరిగ్గా అప్పుడే దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు అయిపోయి ఇంటింటికీ గడ్డిమేటు లేస్తుంది. తాటాకిళ్ళు అప్పడాల్లా ఎండి ఉంటాయి. పైన పడమటి గాలి. నీళ్ళున్న రోజుల్లో నిప్పు రాదు, నిప్పొచ్చే రోజుల్లో నీళ్ళుండవు. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నదంతా ఇదే.

కొబ్బరి పీచు మరీ మొండిది. పైన ఆర్పేసి, బూడిద చల్లారింది కదా అని వచ్చేస్తాం. లోపల కుంపటిలా రాజుకుంటూనే ఉంటుంది. మర్నాడు మళ్ళీ కాల్. పోయినేడు ఒక పీచు యార్డుకి మూడు రోజులు తిరిగాం. ప్రొక్లెయిన్ తెప్పించి కుప్పని చీల్చి, చీల్చిన ప్రతి పొరకీ నీళ్ళు పట్టించాం. ఆ వాసన ఒంటికి పట్టిందంటే మూడు స్నానాలకీ వదలదు. మా ఆవిడ నా దుప్పటి వసారాలో పడేసింది.

నిప్పు అంటే మనకి చిన్నప్పుడే అలవాటయిందిలే. 1995 జనవరిలో పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ గ్యాస్ బావి అంటుకుంటే రెండు నెలలకి పైగా ఆరలేదు. రాత్రిళ్ళు ఆకాశం ఎర్రగా ఉంటే మా నాయనమ్మ పొద్దు పొడిచిందనుకుని లేచి పేడనీళ్ళు చల్లేసేది. నువ్వేమో పరీక్షలు పోతాయని సంబరపడ్డావు. పోలేదు.

(ఇక్కడ ఆపి వెళ్ళొచ్చాను. ఫైర్ కాల్ కాదు. గేదె దూడ సెప్టిక్ ట్యాంకు గోతిలో పడింది. తాడేసి లాగాం. అది బాగానే ఉంది, మేమే బాగాలేము. స్నానం చేసొచ్చి రాస్తున్నాను.)

మా బావమరిది గుర్తున్నాడు కదా, వాడిప్పుడు మా పక్క స్టేషన్లోనే కానిస్టేబుల్. మమ్మల్ని "నీళ్ళ బ్యాచ్" అంటాడు, మేం వాళ్ళని "బందోబస్తు బ్యాచ్" అంటాం. నిజానికి వాడి బతుకు నాకంటే ఘోరం. తీర్థమైతే బందోబస్తు, రథమైతే బందోబస్తు, నాయకుడొస్తే బందోబస్తు. పిల్లాడి పుట్టినరోజు కేకు మూడేళ్ళుగా వీడియో కాల్లోనే కోస్తున్నాడు. దానికి తోడు 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చి సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. హత్యకి 302 పోయి 103 వచ్చింది, మోసానికి 420 పోయి 318 వచ్చింది. జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని పదో తరగతి పిల్లాడిలా బట్టీపట్టేవాడు. "బావా, ఇన్నేళ్ళూ ఫోర్ ట్వంటీగాడా అని హాయిగా తిట్టుకున్నాం. త్రీ ఎయిటీన్‌గాడా అంటే ఎవడికైనా కోపమొస్తుందా?" అంటాడు.

పోయిన సంక్రాంతికి వాళ్ళు కోడిపందేల బరి మీద పడితే జనం పారిపోయారు, రెండు పుంజులు దొరికాయి. కత్తులైతే పాకెట్లో పెట్టి సీలేస్తారు. పుంజుకి సీలెక్కడ వేస్తావు? అది కేసు సొత్తు. చస్తే రాతకోతలు, ఎగిరిపోతే అంతకన్నా పెద్ద రాతకోతలు. స్టేషన్ వెనక జామచెట్టుకి కట్టేసి, జొన్నలు కొని, వంతులేసుకుని మేపారు. ఈకల రంగుని బట్టి ఒకటి కాకి, ఇంకోటి డేగ. రెండింటికీ పడదు, ఎదురెదురుగా కడితే గొంతు చించుకుంటాయి. రాత్రి మూడింటికి మొదలెట్టేవి, సెంట్రీకి కునుకు లేదు, గోడ ఇవతల మాకూ లేదు. చివరికి కోర్టు వేలం వేయమంది. ఆ పాటకి ఎవరెవరొచ్చారో నేను చెప్పక్కర్లేదు, అందరూ పుంజు తొడలు నొక్కి చూసేవాళ్ళే.

సరే, అసలు కథకొస్తాను. మా పెద్దది ఎనిమిదో తరగతి. బళ్ళో స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ అని పెట్టారు, అందులో చేరింది. 2010లో కేరళ వాళ్ళు మొదలెట్టారు, 2018లో దేశమంతా తీసుకొచ్చారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి డ్రిల్లు, చట్టాలు, ట్రాఫిక్, ఇలాంటివి నేర్పుతారు. మొదట్లో నాకు పెద్ద నమ్మకం లేదు. ఖాకీ గుడ్డలేసి ఎండలో నిలబెడితే ఏమొస్తుంది, లెక్కలు రావుగా అనుకున్నాను. పైగా డ్రిల్లు నేర్పేది మా బావమరిదే. గ్రౌండులో "మామయ్యా" అనకూడదు, "సార్" అనాలని మొదటి రోజే చెప్పాడట. ఇది కంగారులో "యస్ మామయ్య సార్!" అని గట్టిగా అరిచిందట. ఇప్పుడు స్టేషన్లో ఎస్సై గారితో సహా అందరూ వాడిని అలాగే పిలుస్తున్నారు.

ఏప్రిల్ 14 నుంచి 20 దాకా మాకు అగ్నిమాపక వారోత్సవాలు. 1944లో అదే రోజు బొంబాయి రేవులో పత్తి బేళ్ళూ పేలుడు సామానూ కలిపి ఎక్కించుకున్న ఓడ పేలి, ఆర్పడానికి వెళ్ళిన ఫైర్ సిబ్బంది 66 మంది పోయారు. ముందు వాళ్ళకి రెండు నిమిషాలు మౌనం, తర్వాతే మిగతా హడావుడి. ఈసారి క్యాడెట్లు మా స్టేషన్‌కి వచ్చారు. బ్రాంచి పట్టుకుంటామన్నారు. నలుగురిని పట్టమని చెప్పి, నీళ్ళు నెమ్మదిగా వదలమన్నాను. మా కుర్రాడు నెమ్మదిగానే వదిలాడు, అయినా నీళ్ళు రాగానే ముక్కు పాములా తల తిప్పింది. గేటు పక్కన నిలబెట్టిన మాస్టారి స్కూటరు, దాని మీదున్న ఆయన క్యారేజీ సంచీ స్నానం చేశాయి. పిల్లలకి ఆ రోజు బాగా గుర్తుండేది అదే.

అందులో ఒక పిల్ల మాత్రం చెయ్యెత్తి, "సార్, 101కి చేస్తే ఎంత కట్టాలి?" అంది. వాళ్ళ నాయనమ్మ చెప్పిందట, ఫైరింజను పిలిస్తే బిల్లు వేస్తారని. పైసా కట్టక్కర్లేదమ్మా అన్నాను గానీ మనసు కలుక్కుమంది. ఎన్ని కొంపలకి మేం ఆలస్యంగా వెళ్ళామో, అందులో ఎన్నిచోట్ల ఫోను చేయడానికే భయపడి ఉంటారో. నాకెప్పుడూ తట్టని సంగతి.

ఆ తర్వాత వాళ్ళకి ఒక పని ఇచ్చాం. మీ మీ ఊళ్ళలో నీళ్ళు ఎక్కడెక్కడున్నాయి, బండి ఏ దారిలో పడుతుంది, కరెంటు తీగలు ఎక్కడ కిందకి వేలాడుతున్నాయి, గీసుకు రండి అని. మా పెద్దదాని జట్టు మన ఊరిది తీసుకుంది. చార్టు మీద తొమ్మిది చెరువులు, రెండు బోర్లు, బోదె కాలువ మీద మన చిన్న కల్వర్టు, "దీని మీద బండి ఎక్కరాదు" అని ఎర్ర స్కెచ్చి. తీసుకెళ్ళి బండి క్యాబిన్లో అంటించాను. గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు.

అంటించిన ఆరో రోజు మధ్యాహ్నం రెండింటికి కాల్. మన ఊరే, గుడి వెనక వీధి. మూడు తాటాకిళ్ళు ఒకదాన్నానుకుని ఒకటి. మేం వెళ్ళేసరికి మొదటిది కూలిపోయింది, రెండోదాని కప్పు అందుకుంది. ఉన్న నీళ్ళు కొడుతుంటే డ్రైవరు గారు మ్యాపు చూసి "గుడి వెనకే చేపల చెరువుంది" అన్నారు. ట్యాంకు ఖాళీ అవుతూనే బండిని అటు తిప్పాం. గట్టెక్కి చూస్తే ఏముంది, బురద. ముందు రోజే చేపల పట్టుబడి చేసి చెరువు తోడేశారట. ఆ బురదలో కొంగలు తిరుగుతున్నాయి. సక్షన్ పైపు చేతిలో పట్టుకుని ఆ కొంగల్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో, రెండు సెకన్లో, పది సెకన్లో.

చివరికి ఒక రైతు కొబ్బరితోటలో బోరు ఆడిస్తే, దాంతో ట్యాంకు నింపుకున్నాం. అది నిండేలోపు ఊళ్ళోవాళ్ళే బిందెలతో మూడో ఇంటి కప్పు తడిపారు. మా కుర్రాళ్ళు ఎక్కి మధ్యలో తాటాకు లాగేశారు. మూడోది దక్కింది. మిగతా రెండూ పోయాయి. "తాపీగా వచ్చారు, ఖాళీ బండేసుకుని!" అని ఒకడు నా కాలరు పట్టుకోబోతే మామయ్య సారే మధ్యలోకొచ్చి నిలబడ్డాడు. మనుషులకేం కాలేదు. అంతా అయ్యాక ఒకావిడ నా దగ్గరకొచ్చి సగం కాలిన డ్వాక్రా పాస్‌బుక్ చూపించి, "బాబూ, నంబరు కనిపిస్తోంది కదా, బ్యాంకువాళ్ళు ఒప్పుకుంటారా?" అంది. నంబరులో చివరి మూడంకెలు లేవు. ఒప్పుకుంటారమ్మా అన్నాను. తర్వాత మా బావమరిది తీసుకెళ్ళి పని చేయించాడులే.

ఇంటికెళ్ళేసరికి అది గుమ్మంలోనే ఉంది. "నాన్నా, మా మ్యాపు పనికొచ్చిందా?" అంది. అబద్ధం చెబుదామనుకున్నాను. రేపు బళ్ళో తెలిసేదే కదా అని చెరువు సంగతి చెప్పేశాను. అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే సైకిలేసుకుని జట్టుని వెంటేసుకుని చెరువు చెరువుకీ తిరిగింది. ఎప్పుడు నింపుతారు, పట్టుబడి ఎప్పుడు, ఎవరికి ఫోను చేస్తే బోరు ఆడిస్తారు, అన్నీ రాసుకొచ్చింది. కొత్త చార్టు మొత్తం పెన్సిలుతో గీశారు. నెలనెలా చెరిపి రాయాలంట, స్కెచ్ పెన్ను వాడకూడదంట.

అక్కడితో ఊరుకోలేదు. మన వంటింట్లో దూరి గ్యాసు ట్యూబు తిప్పి చూసింది. దాని మీద 2019 అని ఉంది. అయిదేళ్ళకోసారి మార్చాలని దానికి చెప్పింది నేనే, వారోత్సవాల్లో, మైకులో. మా ఆవిడ అప్పటినుంచి వచ్చిన ప్రతివాళ్ళకీ ఈ కథే చెబుతోంది.

ఇప్పుడు నీ పని. ఆ కొత్త మ్యాపులో తీగల కింద ఎర్ర గుర్తులు పెట్టారు. అందులో ఒకటి మీ ఇల్లు. పిన్ని ఈ ఏడు గడ్డిమేటు తీసుకెళ్ళి సరిగ్గా కరెంటు తీగ కిందే వేయించింది, పక్కనే పొయ్యిల పాక. గాలికి రెండు తీగలు రాసుకుని ఒక్క రవ్వ పడితే చాలు. నేను రెండుసార్లు వెళ్ళి చెప్పాను. "మా మావయ్య గారున్నప్పటి నుంచీ మేటు అక్కడే" అంటుంది. అప్పుడు తీగ లేదు పిన్నీ అంటే వినదు. మనుషుల్ని నేనే తెస్తాను, ఒక పూట పని, జరిపించేద్దాం. నువ్వు శుక్రవారం ఫోను చేసినప్పుడు గట్టిగా చెప్పు. మేటు జరిపేదాకా మీ ఇంట్లో టీ తాగనని కూడా అనేశాను. "తాగకపోతే మానెయ్, పాలు మిగులుతాయి" అంది.

నీ
బండోడు