రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టే మనిషి కావాలి: హోం శాఖకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో హోం శాఖ బాధ్యతలు చూస్తున్న గౌరవనీయులకు,

నమస్కారం.

వరుస హత్యల కేసు బయటపడిన ప్రతిసారీ ముసుగేసిన నిందితుణ్ని విలేకరుల ముందు నిలబెడతారు. వాడెలాంటివాడు, ఎందుకలా తయారయ్యాడు అన్న చర్చ వారం రోజులు నడుస్తుంది. దానివల్ల దర్యాప్తుకు ఒరిగేది చాలా తక్కువ. మేము అడిగేది వేరు. మొదటి శవం దొరికిన రోజున ఏ స్టేషన్లో, ఏమని రాసుకున్నారు? రెండో శవం దొరికినప్పుడు ఆ మొదటి కాగితం తీసి చూసినవాళ్లు ఉన్నారా? ఫోరెన్సిక్ వైద్యం, నేర పరిశోధన తెలిసినవాళ్లుగా చెబుతున్నాం, చాలా కేసుల్లో ఆ పని ఎవరూ చేయలేదు.

ఏలూరు కేసు గుర్తు చేసుకోండి. 2018 ఫిబ్రవరి నుంచి 2019 అక్టోబరు దాకా, కృష్ణా, ఉభయ గోదావరి జిల్లాల్లో 10 మందిని సైనైడ్ కలిపిన ప్రసాదం పెట్టి చంపారన్నది పోలీసుల అభియోగం. ఒంటి మీద గాయం లేదు, పెనుగులాడిన ఆనవాలు లేదు. చాలామంది ఇళ్లలో గుండెపోటనే అనుకున్నారు. చివరి మృతుడి వెంట ఉండాల్సిన నగదు, నగలు కనబడకపోవడంతో ఇంటివాళ్లకు అనుమానం వచ్చింది, అక్కణ్నుంచే తీగ దొరికింది. డబ్బు పోకపోయి ఉంటే ఆ మరణం కూడా గుండెపోటు కిందే పోయేది.

కేరళలోని కూడత్తాయిలో 2002 నుంచి 2016 మధ్య ఒకే బంధువర్గంలో ఆరుగురు చనిపోయారు. పోస్టుమార్టం జరిగింది ఒక్కరికే, 2011లో. అందులో సైనైడ్ బయటపడింది కూడా. అయినా ఆత్మహత్య అనుకుని ఊరుకున్నారు. కుటుంబంలో ఒకరు పట్టువదలకుండా ఫిర్యాదు చేస్తే, 2019లో సమాధులు తవ్వారు. ఎవరు దోషులో కోర్టే తేల్చాలి, మేము ఆ జోలికి పోవడం లేదు. ఒక ఇంట్లో విషం తేలిన తరువాత కూడా అదే ఇంటి పాత మరణాలను తిరగేయాలని ఏ నిబంధనా చెప్పకపోవడం గురించే మా బాధ.

దక్షిణ కన్నడలో పెళ్లి పేరుతో మహిళలను తీసుకెళ్లి, గర్భనిరోధక మాత్రలని నమ్మించి సైనైడ్ ఇచ్చిన ఉపాధ్యాయుడి కేసు ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2003 నుంచి 2009 వరకు 20 మంది. శవాలు వేర్వేరు ఊళ్ల బస్టాండ్ మరుగుదొడ్లలో దొరికేవి. మిస్సింగ్ ఫిర్యాదు ఒక ఊళ్లో, గుర్తుతెలియని శవం ఇంకో ఊళ్లో. 2009లో బంట్వాళ్ ప్రాంతంలో ఒక యువతి కనబడకుండా పోయినప్పుడు జనం రోడ్డెక్కారు. అప్పుడు తీసిన ఫోన్ రికార్డు తప్పిపోయిన ఇంకో అమ్మాయి ఫోన్ దగ్గరికి దారితీసింది, అది మరో అమ్మాయి దగ్గరికి. ఆరేళ్లు ఆగాల్సిన పని కాదది. రెండో కేసు నాడే సాధ్యమయ్యేది.

వరుస హంతకుడికి పెద్ద అండ అతని తెలివి కాదు. ఒక్కో మరణం ఒక్కో స్టేషన్లో, ఒక్కో పేరు మీద, విడివిడిగా మూతపడిపోవడం. ఆ మూత ఎక్కడెక్కడ పడుతోందో చూద్దాం.

మొదటిది శవ పంచనామా. నేర విచారణ విధానం చెప్పే చట్టం బీఎన్ఎస్ఎస్ 194 సెక్షన్ ప్రకారం నివేదిక 24 గంటల్లో వెళ్లాలి. వెళుతోంది కూడా. కానీ చాలా పంచనామాల్లో ఉండేది పంచాయతీదారుల అభిప్రాయం, బంధువుల మాట, 'ఎవరి మీదా అనుమానం లేదు' అన్న వాక్యం. ఉండాల్సినవి ఇవి: శవం దొరికిన భంగిమలో కొలబద్ద పెట్టి తీసిన ఫొటోలు, శవం మీద నెత్తురు పేరుకున్న మచ్చలు ఏ వైపున్నాయి, ఆ వైపు శవం పడున్న తీరుతో సరిపోతోందా లేదా, గోళ్ల కింద ఏముంది, మెడ మీద గీత అడ్డంగా ఉందా, చెవి వెనక్కి పైకి పోయిందా. వెల్లకిలా పడున్న మనిషికి మచ్చలు ఛాతీ మీద ఉన్నాయంటే చనిపోయాక ఎవరో కదిపారని అర్థం. అది రాయకుండా శవాన్ని మార్చురీకి పంపితే తరువాత ఎవరూ చెప్పలేరు.

గుర్తుతెలియని శవమైతే ఇంకా ఓపిక కావాలి. కొంగు ముడి విప్పి చూడాలి. జాకెట్టు మెడ లోపలి టైలర్ లేబుల్, పచ్చబొట్టు, చెప్పుల సైజు, కట్టుడు పళ్లు, ఎముకలో వేసిన ప్లేటు మీద కంపెనీ నంబరు, ఇవన్నీ రాయాలి. నీళ్లలో నానిన శవానికి వేళ్ల చర్మం తొడుగులా ఊడివస్తుంది. 'వేలిముద్రలు రావు' అని వదిలేస్తుంటారు. నిపుణుడు గ్లవ్స్ వేసుకుని ఆ చర్మాన్ని తన వేలికి తొడిగి ముద్ర తీయగలడు. ముడతలు పడితే వేలి కొసలోకి సూదితో ద్రవం ఎక్కించి ఉబ్బించి తీయొచ్చు. ఆ ముద్రలను జాతీయ వేలిముద్రల వ్యవస్థ నాఫిస్‌లో వెతకొచ్చు, అయితే అందులో ప్రధానంగా ఉండేవి నేరచరిత్ర ఉన్నవారివే. ఆధార్ ఉంది కదా అంటారేమో, ఆధార్ చట్టం 29వ సెక్షన్ బయోమెట్రిక్ వివరాలు పంచుకోవడాన్ని నిషేధించింది. అందుకే కొంగు ముడి, టైలర్ లేబుల్ అంత ముఖ్యం.

రెండోది విసెరా సీసా, అంటే విష పరీక్ష కోసం శవంలోంచి తీసిన అవయవాల సీసా. దీని మీద ఎక్కువ రాస్తున్నందుకు మన్నించండి, విషప్రయోగం కేసుల్లో సగం యుద్ధం ఇక్కడే ఓడిపోతున్నాం. పొట్ట, అందులోని పదార్థం, చిన్నపేగు పైభాగం సుమారు 30 సెంటీమీటర్లు ఒక సీసాలో. కాలేయం సుమారు 500 గ్రాములు, రెండు మూత్రపిండాల్లో సగం సగం ఇంకో సీసాలో. రక్తం 10 మిల్లీలీటర్లు సోడియం ఫ్లోరైడ్‌తో విడిగా. చెడిపోకుండా కలిపిన ప్రిజర్వేటివ్ నమూనా మరో సీసాలో. ఇది విద్యార్థికి కూడా తెలుసు. తప్పేది ఎక్కడంటే, ప్రిజర్వేటివ్‌గా పోసే ఉప్పు ద్రావణం సంతృప్తంగా ఉండదు. నీళ్లలో గుప్పెడు ఉప్పు కలిపితే చాలదు, కరగని ఉప్పు అడుగున మిగిలి కనబడాలి. కాలేయం ముక్కలుగా కోయకుండా గడ్డలా వేస్తే ద్రావణం లోపలికి చేరక కుళ్లుతుంది. సైనైడ్ ఆవిరయ్యే విషం కాబట్టి అనుమానం ఉన్నప్పుడు రక్తం ఖాళీ లేకుండా నింపి, గాలి చొరబడకుండా బిగించి, చల్లగా ఉంచాలి. అలాంటి సీసాలు స్టేషన్ గదిలో మూలన పడి, తీసుకెళ్లే కానిస్టేబుల్ దొరక్క నెలలు గడిస్తే రెండు రకాల నష్టం. ఉన్న సైనైడ్ తగ్గిపోవచ్చు, కుళ్లే క్రమంలో లేని సైనైడ్ కొంత పుట్టనూవచ్చు. అప్పుడు నివేదిక ఎలా వచ్చినా కోర్టులో నిలబడదు. ఇంకో మాట: చేదు బాదం వాసన రాలేదు కాబట్టి సైనైడ్ కాదని తేల్చకూడదు. ఆ వాసన పుట్టుకతోనే తెలియని వైద్యులు ఉంటారు.

మరణ కారణం దగ్గర 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్' అని రాయడం కూడా ఆపించండి. గుండె, ఊపిరి ఆగడం చావుకు కారణం కాదు, చావంటేనే అది. బ్రిటన్లో హెరాల్డ్ షిప్‌మన్ అనే వైద్యుడు తన రోగులనే చంపి, మరణ ధ్రువపత్రాలు తనే రాసుకున్నాడు. విచారణ సంఘం 215 మంది అని తేల్చింది. 1998 మార్చిలోనే పక్క క్లినిక్ వైద్యురాలు దహన అనుమతి పత్రాల సంఖ్య చూసి అధికారులను హెచ్చరించింది. పోలీసులు పైపైన చూసి మూసేశారు. చివరికి దొరికింది ఒక వృద్ధురాలి పేరుతో చేసిన దొంగ వీలునామాతో. న్యాయ విచారణకు వెళ్లని ప్రతి మరణాన్నీ చికిత్స చేయని మరో వైద్యుడు పరిశీలించే విధానాన్ని ఇంగ్లండ్, వేల్స్‌లలో 2024లో తప్పనిసరి చేశారు. ఇక్కడ అంత ఒకేసారి అడగం. ఒకే ఇంట్లో, ఒకే ఆశ్రమంలో, ఒకే వార్డులో తక్కువ వ్యవధిలో రెండో ఆకస్మిక మరణం జరిగితే పోస్టుమార్టం తప్పనిసరి చేయండి, అది చాలు.

మూడోది, అసలైనది: మిస్సింగ్ ఫిర్యాదునూ గుర్తుతెలియని శవాన్నీ కలపడం. 2021 జనవరిలో జూబ్లీహిల్స్‌లో నమోదైన మహిళ మిస్సింగ్ కేసు, ఘట్‌కేసర్ వైపు రైలు పట్టాల దగ్గర దొరికిన శవం ఒక్కరివేనని తేలడంతోనే, అంతకుముందు వరుస హత్యల కేసుల్లో జైలుకెళ్లి బయటికొచ్చిన వ్యక్తి మళ్లీ దొరికాడు. రెండు కమిషనరేట్ల కాగితాలు వెంటనే కలిశాయి కాబట్టి. వరంగల్ జిల్లా గొర్రెకుంటలో అలా జరగలేదు. 2020 మార్చిలో ఒక మహిళను రైల్లో తీసుకెళ్లి చంపి పశ్చిమ గోదావరి జిల్లాలో తోసేశారు. రాష్ట్రం మారింది, అధికార పరిధి రైల్వే పోలీసులదయింది. ఆ హత్య బయటపడకుండా ఉండటానికి ఆ హంతకుడే మే నెలలో 9 మందిని బావిలో వేశాడు. తెలంగాణలోని హాజీపూర్‌లో 2015లో తప్పిపోయిన బాలిక ఆనవాళ్లు 2019లో మరో బాలిక శవం బావిలో దొరికాకే బయటికొచ్చాయి. అప్పటికి తొలి కేసు నాటి ఫోన్ రికార్డులు మిగిలే అవకాశమే లేదు. టెలికాం సంస్థలు వాటిని దాచాల్సిన కనీస గడువు అప్పట్లో ఒక ఏడాది, ఇప్పుడు రెండేళ్లు. అడగడం ఆలస్యమైతే సాక్ష్యమే మాయమవుతుంది.

పిల్లలు తప్పిపోతే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. పెద్దవాళ్ల విషయంలో, ముఖ్యంగా కూలి పనికి వెళ్లే ఆడవాళ్ల విషయంలో, 'ఎవరితోనో వెళ్లి ఉంటుంది, నాలుగు రోజులు చూడండి' అన్న మాట స్టేషన్ గుమ్మంలోనే వినబడుతోంది. హంతకుడికి కావాల్సింది ఆ నాలుగు రోజులే. లండన్లో 2014-15లో ఒకే హంతకుడి చేతిలో నలుగురు యువకులు చనిపోతే, అందులో ఇద్దరి శవాలు ఒకే చర్చి శ్మశానంలో, కొద్ది వారాల తేడాతో, కుక్కను తిప్పుతున్న ఒకే మహిళకు దొరికాయి. అయినా పోలీసులు అనుమానించలేదు. యంత్రాలు లేక కాదు. చనిపోయినవాళ్ల మీద ముందే ఒక అభిప్రాయం పెట్టుకోవడం వల్ల.

అందుకని మేము అడుగుతున్నది కొత్త సాఫ్ట్‌వేర్ కాదు. పోలీస్ స్టేషన్లను కలిపే కంప్యూటర్ వ్యవస్థ సీసీటీఎన్ఎస్ ఉంది. బ్రిటన్లోనే పీటర్ సట్‌క్లిఫ్ అనే వరుస హంతకుణ్ని పట్టుకోకముందు 9 సార్లు ప్రశ్నించి వదిలేశారు. వివరాలన్నీ కార్డుల్లో ఉన్నాయి, కలిపి చూసే దారి లేదు. ఆ అనుభవంతోనే హోమ్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ పెట్టుకున్నారు. మన దగ్గర కంప్యూటర్ ఉంది, కూర్చుని చూసే మనిషి లేడు. ప్రతి జిల్లాకు ఒక ఇన్‌స్పెక్టర్‌ను, వేరే డ్యూటీ వేయకుండా, ఈ పనికే ఇవ్వండి. వారానికొకసారి తన జిల్లా, చుట్టుపక్కల జిల్లాలు, సరిహద్దు రాష్ట్రం, రైల్వే పోలీసుల దగ్గరి మిస్సింగ్, గుర్తుతెలియని శవాల పట్టికలు ఎదురెదురుగా పెట్టి చూడాలి. వయసు, ఎత్తు, తేదీ కాస్త అటూ ఇటూ పెట్టి వెతకాలి, ఎందుకంటే కుళ్లిన శవానికి పంచనామాలో రాసే వయసు పదేళ్లు తప్పడం మామూలే. గుర్తుతెలియని శవాన్ని దహనం చేయకుండా నంబరు వేసి పూడ్చాలి. అంతకుముందు ఒక దవడ పన్ను, రక్తం లేదా ఎముక డీఎన్ఏ కోసం దాచాలి. తప్పిపోయినవారి తల్లిదండ్రులు లేదా పిల్లల నమూనా వారి అనుమతితో తీసుకోవాలి. కేంద్రం 2019లో తెచ్చిన డీఎన్ఏ బిల్లు 2023లో వెనక్కి పోయింది. అది మళ్లీ వచ్చేదాకా నమూనాలు దాచడాన్ని ఆపాల్సిన పనిలేదు.

ఇక జాగ్రత్త ఒకటి. నిందితుడు దొరికాక, తేలని పాత కేసులన్నీ అతని ఖాతాలో వేసే అలవాటు ప్రమాదకరం. అమెరికాలో హెన్రీ లీ లూకస్ 1980లలో వందల హత్యలు ఒప్పుకున్నాడు. 1986లో టెక్సాస్ అటార్నీ జనరల్ నివేదిక వాటిలో చాలావాటిని తోసిపుచ్చింది. ఆ హత్యలు చేసిన అసలువాళ్లు అప్పటిదాకా నిశ్చింతగా తిరిగారు. ఢిల్లీ పక్కన నోయిడాలోని నిఠారీలో 2006లో డ్రైనేజీలోంచి పిల్లల ఎముకలు తీశారు. 2023లో అలహాబాద్ హైకోర్టు దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి నిందితులను చాలా కేసుల్లో నిర్దోషులుగా ప్రకటించింది. తల్లిదండ్రులకు ఇప్పటికీ జవాబు లేదు. పోలీసుల ముందు ఒప్పుకోలు సాక్ష్యం కాదని చట్టమే చెబుతోంది. అందుకని ప్రతి హత్యకూ విడిగా, ఆ మాటతో సంబంధం లేని ఒక్క ఆధారమైనా చూపితేనే ఆ కేసు మూసేలా ఆదేశించండి. సాక్షులు నిందితుణ్ని గుర్తుపట్టే గుర్తింపు కవాతు పూర్తికాకుండా నిందితుడి ముఖం టీవీల్లో రాకుండా చూడండి.

వీటిలో, పంచనామాలో ఉండాలని పైన చెప్పిన వివరాలు నింపే అనుబంధ పత్రానికి డీజీపీ సర్క్యులర్ చాలు. విసెరా సీసాలు 7 రోజుల్లో ల్యాబుకు చేరాలనడానికి, ఉప్పు ద్రావణం తయారీకి వైద్య శాఖ ఉత్తర్వు చాలు. చట్ట సవరణ దేనికీ అక్కర్లేదు. ఖర్చయ్యేది జిల్లాకొక అధికారి, ఫోరెన్సిక్ ల్యాబు (ఎఫ్ఎస్ఎల్)లో విషాలు పరీక్షించే టాక్సికాలజీ విభాగంలో ఖాళీల భర్తీ. గత పదేళ్లలో బావుల్లో, పట్టాల పక్కన, మరుగుదొడ్లలో దొరికి పేరు తెలియకుండా పోయిన శవాల జాబితా ముందుగా తీయించండి. ఏ జిల్లా నుంచి మొదలుపెడతారో, ఏ తేదీ లోపల పూర్తిచేస్తారో లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
ఫోరెన్సిక్ వైద్యం, నేర పరిశోధన రంగాల్లో పనిచేస్తున్నవాళ్లం