హెలికాప్టర్ బిల్లు ఎవరు కట్టాలి? వచ్చే సీజన్ నుంచి మా పద్ధతి ఇదీ

మాతో ట్రెక్కింగ్‌కు వచ్చినవాళ్లకీ, రావాలనుకుంటున్నవాళ్లకీ నమస్కారం.

గత సీజన్‌లో మా బృందంలోని ఒకాయన్ని హెలికాప్టర్‌లో దించాల్సి వచ్చిన సంగతి మీలో చాలామందికి తెలుసు. ఫొటో కోసం దారి వదిలి రాళ్ల వాలు మీదికి వెళ్లారు. లీడర్ వెనక్కి రమ్మని పిలుస్తూనే ఉన్నాడు. కాలు జారి చీలమండ విరిగింది. ఇప్పుడు బాగానే ఉన్నారు, నడుస్తున్నారు కూడా. అసలు గొడవ బిల్లు వచ్చాక మొదలైంది. ఆయన ఇన్సూరెన్స్ పాలసీ మూడు వేల మీటర్ల ఎత్తు వరకే పనిచేస్తుంది, పడిందేమో అంతకు పైన. విషయం తెలిసి కొందరు "తెలిసి తెలిసి వెళ్లాడు, తనే కట్టుకోవాలి" అని మాకు రాశారు. మరికొందరు "ఫీజు తీసుకున్నది మీరు, కాబట్టి బాధ్యత మీదే" అన్నారు. విడివిడిగా జవాబులు రాసేకంటే అందరికీ ఒకేసారి చెప్పడం మేలనిపించింది.

ముందు, మారని విషయం. ప్రాణం మీదికొస్తే మా లీడర్ వెంటనే సాయం కోసం కబురు పెడతాడు. పాలసీ ఉందా, డబ్బు ఎవరిస్తారు, ఆ మనిషి మాట విన్నాడా లేదా అన్న లెక్కలు ఆ సమయంలో వేయడు. వెయ్యొద్దని రాసిచ్చాం.

దీనికి జాలి ఒక్కటే కారణం కాదు. బిల్లు భయం ఉన్న మనిషి రాత్రి ఎనిమిదింటికి చెప్పాల్సిన తలనొప్పిని తెల్లవారుజామున నాలుగింటికి చెబుతాడు. ఎత్తైన చోట ఆ ఎనిమిది గంటలు చాలా ఖరీదైనవి. ఎత్తు పడక మెదడులో వాపు మొదలైతే మనిషి తూలుతాడు, మాట తడబడుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే కూర్చున్నచోటే ఆయాసం వస్తుంది. మొదట్లోనే చెబితే పట్టుకుని నడిపిస్తూ కిందికి దించవచ్చు, చాలాసార్లు దాంతోనే కుదుటపడతాడు. ఆలస్యమైతే మోయాలి. చీకట్లో, మబ్బు కమ్మినప్పుడు మేము వెళ్లే చాలాచోట్ల హెలికాప్టర్ రాదు. గాలి పలచగా ఉండే ఎత్తులో వచ్చినా ఎక్కువ బరువు ఎత్తలేదు.

మోయడం అంటే ఏమిటో చూడనివాళ్లకు చెప్పాలి. స్ట్రెచర్‌కు అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ఇరుకు దారిలో ఆరుగురూ పక్కపక్కన పట్టరు, అందుకని సగం మంది దారి అంచున, రాళ్ల మీద అడుగు వెతుక్కుంటూ నడవాలి. కాసేపటికే చేతులు పట్టు తప్పుతాయి. మార్చుకోవడానికి వెనక ఇంకో జట్టు, దాని వెనక మరో జట్టు కావాలి. కాలు జారింది ఒక్కరిదే అయినా, దించేసరికి పద్దెనిమిది మంది మోకాళ్లు ప్రమాదంలో పడతాయి. అమెరికాలో పర్వత రక్షణ బృందాల సంఘం, మౌంటెన్ రెస్క్యూ అసోసియేషన్, రక్షణకు డబ్బు వసూలు చేయొద్దని ఏళ్లుగా చెబుతోంది. జనం ఫోన్ చేయడానికి వెనకాడతారు, తర్వాత వెళ్లేవాళ్లకు పని ఇంకా ప్రమాదకరం అవుతుంది అన్నది వాళ్ల వాదన. మోసేవాళ్లే ఆ మాట అంటున్నప్పుడు నేను కాదనలేను.

అలాగని ఎవరేం చేసినా చెల్లుతుందనడం కూడా నాకు మింగుడుపడదు. 2009లో అమెరికాలోని గ్రాండ్ క్యాన్యన్‌లో ఇద్దరు తండ్రులు, ఇద్దరు కొడుకులు కలిసి వెళ్లి మూడు రోజుల్లో మూడుసార్లు ఎమర్జెన్సీ బీకన్ (బటన్ నొక్కితే సాయం కోసం ఉపగ్రహం ద్వారా కబురు పంపే పరికరం) నొక్కారు. అందులో ఒకసారి కారణం, దొరికిన నీళ్లు ఉప్పగా ఉన్నాయని! అదీ రాత్రిపూట. మూడోసారి రేంజర్లు వాళ్లను హెలికాప్టర్ ఎక్కించి తీసుకొచ్చి, బృందానికి నాయకత్వం వహించిన మనిషి మీద కేసు రాశారు. సరైన పనే చేశారు. బటన్ జేబులో ఉంది కదా అని నీళ్ల సంగతి, వాతావరణం సంగతి పట్టించుకోకుండా బయలుదేరేవాళ్లు మాకూ తగులుతుంటారు.

అమెరికాలోనే న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలో ఈ రెండింటికీ మధ్య ఒక దారి వెతికారు. నిర్లక్ష్యం వల్ల రక్షణ అవసరం తెచ్చుకున్నవాళ్ల నుంచి ప్రభుత్వం ఖర్చు వసూలు చేయవచ్చు. 2015 నుంచి హైక్ సేఫ్ కార్డు అని ఒకటి పెట్టారు, మొదలుపెట్టినప్పుడు ఒక మనిషికి ఏడాదికి 25 డాలర్లు. కార్డు ఉంటే మామూలు నిర్లక్ష్యానికి బిల్లు రాదు. తెగించి చేసిన మూర్ఖత్వానికి మాత్రం కార్డు ఉన్నా వస్తుంది. ఆలోచన బాగానే ఉంది. కానీ ఏది నిర్లక్ష్యం, ఏది దురదృష్టం అన్నది తర్వాత వెచ్చటి గదిలో కూర్చుని తేల్చేవాళ్లను చూస్తే నాకు కొంచెం అనుమానమే.

బ్రిటన్‌లో కొండల మీదికి వచ్చే రక్షణ బృందాలు వాలంటీర్లవి, బిల్లు పంపరు, విరాళాలతో నడుస్తారు. స్విట్జర్లాండ్‌లో 1952లో మొదలైన, హెలికాప్టర్లతో కాపాడే రేగా సంస్థకు ఏటా చందా కట్టే పోషకులు ముప్పై లక్షలకు పైగా ఉన్నారు. వాళ్లకేదైనా అయితే, ఇన్సూరెన్స్ ఇవ్వని ఖర్చును రేగా మాఫీ చేయవచ్చు. ఉచితం అన్నచోట కూడా డబ్బు ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు. మాలాంటి చిన్న వ్యాపారం వెళ్లే చాలాచోట్ల అలాంటి ఏర్పాటు లేదు, హెలికాప్టర్ కంపెనీ ఎగరడానికి ముందే డబ్బుకు హామీ అడుగుతుంది.

అందుకే వచ్చే సీజన్ నుంచి రక్షణ ఖర్చు వర్తించే పాలసీ లేకుండా ఎవరినీ తీసుకెళ్లం. "ఉంది" అని టిక్ పెడితే కుదరదు, కాపీ చూస్తాం.

ఎందుకింత పట్టుదల అంటే, పోయినసారి ఆ పాలసీ కాగితం నేనే చదివాను. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో అడ్వెంచర్ కవర్ అని ఉంది. ఎత్తు పరిమితి ఎక్కడో వెనక, మినహాయింపుల్లో, ఒక వాక్యం మధ్యలో ఉంది. ఫోన్‌లో రెండు వేళ్లతో పెద్దది చేస్తే తప్ప కనపడలేదు. కాబట్టి ముందు మీరు వెళ్తున్న దారిలో అత్యంత ఎత్తైన చోటు ఎన్ని మీటర్లో చూసి, పాలసీ అక్కడిదాకా వస్తుందో లేదో సరిచూడండి. రాత్రి బస చేసే చోటు ఎత్తు కాదు, కనుమ ఎత్తు చూడాలి. తర్వాత తాడు, ఐస్ యాక్స్ వాడితే అది ట్రెక్కింగ్ కాదు పర్వతారోహణ అని కొన్ని కంపెనీలు తప్పుకుంటాయి. వెతకడం వేరు, దించడం వేరు. తప్పిపోయిన మనిషిని వెతకడానికి అయ్యే ఖర్చు చాలా పాలసీల్లో ఉండదు, ఉన్నా కొద్దిగానే ఉంటుంది. బీపీ, ఆస్తమా లాంటివి ముందే చెప్పకపోయినా, తాగి ఉన్నట్టు తేలినా క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. అన్నింటికన్నా ముఖ్యం, హెలికాప్టర్ పిలిచే ముందు వాళ్ల ఇరవైనాలుగు గంటల నంబరుకు ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలనే షరతు. ఆ నంబరు, పాలసీ నంబరు ఒక కాగితం మీద రాసి లీడర్‌కు ఇవ్వండి. మీ ఫోన్‌లో ఉంటే లాభం లేదు, ఫోన్ లాక్ అయి ఉంటుంది, మీరు స్పృహలో ఉండకపోవచ్చు.

ఇక ఈ వ్యాపారంలో పైకి మాట్లాడని విషయం ఒకటుంది. నేపాల్‌లో అవసరం లేకపోయినా ట్రెక్కర్లను హెలికాప్టర్ ఎక్కించి, ఇన్సూరెన్స్ కంపెనీల నుంచి డబ్బు గుంజి, కమీషన్లు పంచుకున్న మోసం మీద 2018లో అక్కడి ప్రభుత్వమే విచారణ చేయించింది. చిన్న జలుబుకే "మీకు ప్రమాదం" అని భయపెట్టినవాళ్లు ఉన్నారు. కమీషన్ ఇస్తామని మా దగ్గరికీ వచ్చారు, కాఫీ ఇచ్చి పంపించేశాం. హెలికాప్టర్ వాళ్ల దగ్గర గానీ ఆసుపత్రుల దగ్గర గానీ మేము ఒక్క పైసా తీసుకోం. ఎవరినైనా దించాల్సి వస్తే ఆక్సిజన్ రీడింగ్, లక్షణాలు, నిర్ణయం తీసుకున్న సమయం లీడర్ రాసిపెడతాడు. ఆ కాగితం కాపీ మీకే ఇస్తాం.

ఇప్పుడు డబ్బు సంగతి. మా గైడ్ తప్పు వల్ల, మా సామాను పాడవడం వల్ల, మేము పెట్టిన తిండి వల్ల జరిగితే ఖర్చు మొత్తం మాదే. స్ట్రెచర్ మోసేవాళ్ల కూలి, గుర్రం, రోడ్డు దాకా బండి, ఇవి కారణంతో పనిలేకుండా మేమే భరిస్తాం. హెలికాప్టర్, ఆసుపత్రి మీ పాలసీ మీద. పాలసీ ఇవ్వని భాగం మీది. పైన చెప్పిన ఆయన విషయంలో కూడా ఇదే చేశాం, మోసినవాళ్లకు మేము ఇచ్చాం, మిగతాది ఆ కుటుంబం వాయిదాల్లో కడుతోంది. వెనక్కి తిరగమని లీడర్ చెప్పినా తిరగకపోతే, ఆ మాట అక్కడికక్కడే రాసి సంతకం అడుగుతాడు. అయినా సాయం పిలవడం ఆపడు. మీరు మళ్లీ మాతో రావడం మాత్రం కుదరదు.

పోర్టర్ల ప్రమాద బీమా కూడా ఇకపై పూర్తిగా మేమే కడతాం. మీకు ప్రమాదం జరిగితే ఆ మంచులోకి ముందు దిగేది వాళ్లే. దీనివల్ల ఫీజు కొంచెం పెరుగుతుంది. కొందరు తక్కువకు తీసుకెళ్లేవాళ్ల దగ్గరికి వెళ్లిపోతారని తెలుసు. టెన్షన్‌గానే ఉంది, చిన్న వ్యాపారం కదా. అయినా వెనక్కి తగ్గదలచుకోలేదు.

ఇప్పటికే బుక్ చేసుకుని ఈ షరతులు నచ్చనివాళ్లకు ఈ నెలాఖరు దాకా పూర్తి డబ్బు వాపసు ఇస్తాం, కారణం అడగం. మిగతావాళ్ల పాలసీ కాపీ ట్రెక్ తేదీకి రెండు వారాల ముందు మాకు అందాలి. అర్థం కాకపోతే సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయండి, కలిసి చదువుదాం. మినహాయింపుల పేజీలు కూడా జతచేసి పంపండి, చాలామంది మొదటి పేజీ ఫొటో తీసి ఊరుకుంటున్నారు.