పాత స్టేడియం చరిత్ర ప్రదర్శన, పిల్లల హైదరాబాదు ప్రయాణం: జమా ఖర్చుల వివరణ

దాతలందరికీ కమిటీ నమస్కారాలు. మన ఫుట్‌బాల్ పిల్లలకు హైదరాబాదులోని లాల్ బహదూర్ స్టేడియం చూపిస్తామని, దాని చరిత్రపై కర్నూలులో ఫోటో ప్రదర్శన పెడతామని చెప్పి చందాలు అడిగాము. రెండు పనులూ పూర్తయ్యాయి. ఇక లెక్క అప్పగించాలి.

ఇళ్ల వద్ద, దుకాణాల వద్ద రసీదులిచ్చి వసూలు చేసింది 59,300 రూపాయలు. ఇతర ఊళ్లలో స్థిరపడిన మన పాత ఆటగాళ్లు పంపింది 22,500. సహాయార్థం ఆడించిన మ్యాచ్ టికెట్లపై వచ్చింది 6,120. మొత్తం జమ 87,920.

ఖర్చులో పెద్ద పద్దు ఫోటోల ముద్రణ, చట్రాలది: 28,400. "మన గోలుపోస్టులకు వలలే లేవు, ఎక్కడో ఉన్న స్టేడియం చరిత్రకు ఇంత డబ్బా?" అని కొందరు దాతలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మన పిల్లల్లో చాలామందికి హైదరాబాదు ఫుట్‌బాల్ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం పేరే తెలియదు. బడిపంతులుగా పనిచేసిన ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి ఫుట్‌బాల్ పోటీ అయిన రోవర్స్ కప్పు గెలిచింది. ఆయనే శిక్షణ ఇచ్చిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడాదే రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాదు ప్రాంతం వాడని తెలిశాక పిల్లలు ఆయన ఫోటో ముందు నుంచి కదలలేదు. ఆ పద్దు విషయంలో కమిటీకి ఏ సంకోచమూ లేదు.

స్టేడియం కథ కూడా చిన్నది కాదు. 1687లో గోల్కొండ ముట్టడి సమయంలో ఔరంగజేబు సైన్యం విడిది చేసిన చోటు అది. గెలుపు తర్వాత ఫతే మైదాన్, అంటే విజయ మైదానం అయింది. 1967లో శాస్త్రిగారి పేరు పెట్టారు. ఇవన్నీ పుస్తకంగా వేసి బడులకు ఉచితంగా పంచాము. అచ్చు ఖర్చు 17,500.

రానుపోను రైలు టికెట్లకు 7,980, భోజనాలకు 11,640, నగరంలో వ్యానుకు 6,500, షామియానా, మైకుకు 4,800, రసీదు పుస్తకాలు, పోస్టర్లకు 1,350 అయ్యాయి. శాలువాలకు, పూలదండలకు పైసా ఖర్చు పెట్టలేదు. మొత్తం ఖర్చు 78,170. నిల్వ 9,750.

ఈ నిల్వతో గోలుపోస్టులకు వలలు కొనాలని తీర్మానించాము. ప్రశ్న అడిగిన దాతలే కొనుగోలుకు మాతో రావాలని కోరుతున్నాము. రసీదులు, బిల్లులు కోశాధికారి దగ్గర ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూడవచ్చు.