ఫక్డింగ్ దారిలో మాకోసం వెనక్కి వచ్చిన దాయికి

నేపాల్ నుంచి గురువారం ఇల్లు చేరాం. బట్టలింకా ఉతకలేదు గానీ ఈ నాలుగు ముక్కలు రాయకపోతే నాకు తోచేలా లేదు.

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దారిలో కనీసం నామ్చే బజార్ దాకా వెళ్దామని మా అమ్మాయి పట్టు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి మా నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణకి పద్నాలుగు కూడా నిండలేదు. మా దానికిప్పుడు అదే వయసు, ఇక ఆగుతుందా? నేను, మా ఆవిడ, అమ్మాయి, అరవై రెండేళ్ల మా అమ్మ బయల్దేరాం. సామాన్లకి ఇద్దరు పోర్టర్లు. వాళ్లలో చిన్నవాడే దారి కూడా చూపిస్తాడు. పెద్దాయనే మా దాయి, నేపాలీలో దాయి అంటే అన్న.

మబ్బుల వల్ల రామేఛాప్‌లో విమానం ఆలస్యమై, లుక్లా నుంచి నడక మొదలయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. లుక్లా ఎత్తు 2,860 మీటర్లు, ఆ రాత్రి మేం బస చేసే ఫక్డింగ్ 2,610. మొదటి రోజు దిగుడే కదా, ఎంతసేపు అనుకున్నాను. ఆయాసం ఎక్కేటప్పుడు వస్తుంది, మోకాళ్లు మాత్రం దిగేటప్పుడే పోతాయని అమ్మ వెనక నడిస్తే గానీ తెలిసిరాలేదు. ఛెప్లుంగ్ దాటగానే రాతి మెట్ల మీద అమ్మ కూలబడిపోయింది.

దాయి మా రెండు బ్యాగులూ తాడుతో కట్టి, నామ్లో పట్టీ నుదుటికి తగిలించుకుని నడుస్తున్నాడు. అందులో అమ్మ తెచ్చిన చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ కూడా ఉంది (వద్దంటే విన్లేదు). ఆయన బరువు దించి, అమ్మ నడక ఒక నిమిషం చూశాడు. బరువు ఆనించుకునే తన టోక్మా కర్ర ఆవిడ చేతికిచ్చాడు. "పక్కకి తిరిగి దిగు ఆమా, బిస్తారై, బిస్తారై" అన్నాడు. నేపాలీలో ఆమా అంటే అమ్మే, బిస్తారై అంటే మెల్లగా. "మరి నీకో?" అంటే దారి పక్క చౌతారా రాతి గట్టు చూపించాడు. కంచర గాడిదల వరుస ఎదురొచ్చినప్పుడు మా అమ్మాయి ఫొటో కోసం లోయ వైపు నిలబడింది. ఒక్క గుంజుతో కొండ వైపు లాగి గట్టిగా కేకలేశాడు. ఆ కేకలకీ థాంక్స్ దాయీ, నేనైతే చూడనే లేదు.

తర్వాత ఆయన ముందు సాగిపోయాడు. ఘాట్ దగ్గర మాకు చీకటి పడింది. తలకి పెట్టుకునే లైట్లన్నీ ముందు వెళ్లిపోయిన బ్యాగులో ఉన్నాయి, సర్దింది నేనే! ఫోన్ వెలుతురులో అమ్మ ఒక్కో మెట్టూ దిగుతుంటే నా టెన్షన్ చెప్పనలవి కాదు. అప్పుడు కింది నుంచి ఒక టార్చి పైకి రావడం కనిపించింది. దాయి లాడ్జిలో బరువు దించి, ఒక ఫ్లాస్కు వేడినీళ్లు పట్టుకుని, దిగిన దారంతా మళ్లీ ఎక్కుతూ వస్తున్నాడు. రమ్మని ఎవరూ అడగలేదు. వీపు మీద ఎక్కమంటే అమ్మ ససేమిరా అంది. చేయి మాత్రం ఫక్డింగ్ దాకా వదల్లేదు.

లాడ్జి దీదీ ఉప్పు వేసిన వేడినీళ్ల టబ్బు పెట్టింది, దాల్ భాత్ మారు వడ్డించింది. ఆవిడకీ మా నమస్కారాలు. అందరి భోజనాలూ అయ్యాకే దాయి తిన్నాడు. అమ్మకి అది నచ్చలేదు, మర్నాటి నుంచి పక్కన కూర్చోబెట్టుకుంది.

ఇంటికొచ్చాక తూచి చూశాను. ముట్టుకోకుండా తిరిగొచ్చిన సామానే మూడు కిలోల పైన ఉంది. ఆ నుదుటి మీద తాడు గుర్తు కళ్లముందే ఉంది, సిగ్గేసింది.

కుక్కర్ మాత్రం తిరిగి రాలేదు. లుక్లాలో వీడ్కోలప్పుడు అమ్మ దాన్ని దాయికే ఇచ్చేసింది. ఇది చిన్న భాయి ఫోన్‌కి పంపి, హిందీలో కూడా చెబుతాను, దాయికి వినిపిస్తాడు. అమ్మ ఒక మాట చేర్చమంటోంది: మోకాలు బాగానే ఉందట, అన్నం మెత్తగా రావాలంటే గ్లాసు బియ్యానికి రెండున్నర గ్లాసుల నీళ్లు పోయమని మీ ఆవిడకి చెప్పాలట.