అసలు ఫొటోకు కత్తెర వద్దు

సంపాదకులకు,

సొంత జీవితాన్నే కొలాజ్‌లుగా, అంటే కాగితం, గుడ్డ ముక్కలు అతికించిన బొమ్మలుగా మలుస్తున్న ఓ చిత్రకారిణి గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన కథనం చదివాం. పెళ్లితో మారిన ఇంటిపేరును రేషన్ కార్డు, టెన్త్ సర్టిఫికెట్, శుభలేఖల ముక్కలతో ఆమె చూపిన తీరును చక్కగా వివరించారు. కానీ ఆ బొమ్మలు ఏ కాగితం మీద, ఏ జిగురుతో చేశారో ఒక్క మాటైనా లేదు. కథనం చూసి విజయవాడ, గుంటూరుల్లో ఎందరో పిల్లలు అటక మీది ఆల్బమ్‌లు దించుతారు. అందుకే ఈ ఉత్తరం.

అసలు ఫొటోను ఎప్పుడూ కోయకూడదు. చిత్రకారుడు వివాన్ సుందరం 2001-02లో తాత ఉమ్రావ్ సింగ్ తీసిన ఫొటోలనూ, పెద్దమ్మ, ప్రసిద్ధ చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ చిత్రాలనూ కంప్యూటర్లో కలిపి తమ కుటుంబ చరిత్రను కొత్తగా చెప్పారు. ఆ పనికి పాత ప్రింటు ఒక్కటీ కోయనక్కర్లేదు. పాస్‌పోర్టు సైజు ఫొటోనైనా 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేసి, లేజర్ ప్రింటు తీసుకుని దాన్ని కత్తిరించండి. మామూలు ఇంక్‌జెట్ ప్రింటు మీద తడి వేలు పెడితే రంగు పాకుతుంది, జిగురు తగిలినా అంతే. ఫొటో వెనక వైపు కూడా స్కాన్ చేయాలి. స్టూడియో ముద్ర, ఎవరో పెన్సిల్‌తో రాసిన తేదీ, పేర్లు అక్కడే ఉంటాయి. అతికించేస్తే అవి మళ్లీ కనిపించవు.

అలాగని అన్నీ నకళ్లే అయితే బొమ్మ చప్పబడిపోతుంది. అమ్మ చీర అంచు లాంటిది ఒకటో రెండో అసలువి ఉండాలి. చీర అంచును అతికించడం కన్నా సన్నని దారంతో అట్టకు కుట్టడం మేలు. జిగురు ఊరితే జరీ మచ్చపడుతుంది. మెషిన్‌లో వచ్చే ఆర్టీసీ టికెట్టు వేడికి నల్లబడుతుంది, కొన్నాళ్లకు అక్షరాలే మాయమవుతాయి. కనుక దానికీ నకలే దిక్కు. కండక్టర్ పంచ్ కొట్టిన పాతకాలపు టికెట్టుకు ఆ బాధ లేదు.

ఎక్కువ బొమ్మలు పాడయ్యేది జిగురు దగ్గరే. బజార్లో దొరికే తెల్ల జిగురు ఒకసారి ఆరితే నీళ్లతో ఊడదు, తప్పు దిద్దుకునే వీలుండదు. సెల్లో టేపు పసుపు మరక వదులుతుంది. మైదా ఉడకేసిన జిగురు పోస్టర్లకు సరే గానీ పురుగు పడుతుంది. గోధుమ హల్వాకు పాలు తీసినట్టే మైదా ముద్దను నీళ్లలో పిసికి, జిగట ముద్దను తీసేసి, అడుగున పేరుకున్న తెల్ల పిండిని వాడాలి. పిండికి నాలుగింతల నీళ్లు పోసి, సన్నటి సెగ మీద 15-20 నిమిషాలు గాజులా మెరిసేదాకా కలుపుతూ ఉడికించి, చల్లార్చి, పల్చటి గుడ్డలో వడకట్టాలి. మన ఎండలకు బయట పెడితే మర్నాటికే పులుస్తుంది. ఫ్రిజ్‌లోనైతే మూడు రోజులు ఆగుతుంది.

జిగురు రాయగానే అతికించడం వల్లే ముడతలు వస్తాయి. తడి తగిలిన కాగితం సాగుతుంది, ఆరాక ముడుచుకుంటుంది. రాశాక ఓ నిమిషం ఆగి, మధ్య నుంచి అంచులకు సర్దుతూ, పైన బటర్ పేపర్ వేసి చెంచా వీపుతో రుద్దండి. కాగితాన్ని రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే ఏ వైపు తేలిగ్గా వంగుతుందో తెలుస్తుంది. ముక్కకూ అడుగు కాగితానికీ ఆ దిశ ఒకటే కావాలి. అడుగుకు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) కాటన్ కాగితం మంచిది. వెనక కూడా అంతే మందం కాగితం అతికిస్తే వంపు తిరగదు. రాత్రంతా బరువు కింద ఉంచాలి. ఫ్రేమ్ కట్టేటప్పుడు అద్దానికీ బొమ్మకూ మధ్య మౌంటు (ఎడం ఉంచే అట్ట చట్రం) ఇవ్వమని గట్టిగా చెప్పండి. కృష్ణ ఒడ్డున వానాకాలపు చెమ్మకు ఫొటో అద్దానికి అంటుకుపోతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరదకు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో తడిసిన ఆల్బమ్‌లు చాలా ఉన్నాయి. అంటుకుని ఎండిపోయిన ఫొటోలను లాగొద్దు. ఉన్నవి ఉన్నట్టే స్కాన్ చేసుకోండి. బురద మరక, ఊడిపోయిన ముఖం కూడా ఆ ఇంటి కథే, కొలాజ్‌లో వాటికి చోటివ్వండి.

ఇకపై ఇలాంటి బొమ్మలు ప్రచురించేటప్పుడు కింద కొలతలు, కాగితం, జిగురు వివరాలు కూడా ఇవ్వాలని మా మనవి.

– కొందరు చిత్రకళా ఉపాధ్యాయులు, గుంటూరు